డాబా మీద నల్లపొడి, యాప్‌లో ‘సంతృప్తికరం’: విశాఖలో దేన్ని నమ్మాలి?

కాన్వెంట్‌కూడలి · ఆదివారం రాత్రి 9.10

జ్ఞానాపురం వైపు రెండో అంతస్తు డాబా. పొద్దున్న తుడిచిన పిట్టగోడ మీద సాయంత్రం వేలు రాస్తే నల్లగా అంటుతోంది. ఫోన్‌లో యాప్ తీస్తే ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 84, ‘సంతృప్తికరం’ అని పచ్చరంగు. నాలుగు వేల రూపాయల సెన్సర్ పెట్టినా పీఎం 2.5 (2.5 మైక్రాన్ల లోపు సన్నదుమ్ము) ముప్పై అయిదు దాటట్లేదు. మరి ఈ నలుపు ఎక్కడిది? బొగ్గా, లారీల పొగా, రిఫైనరీదా? ఫిర్యాదు ఎవరి మీద ఇవ్వాలన్నా ముందు అది తేలాలి. లెక్కా పద్ధతీ తెలిసినవాళ్లు చెప్పండి. ‘వైజాగ్‌లో ఇంతే గురూ’ లాంటివి వద్దు, దణ్ణం పెడతాను.

కొలతలమాస్టారు · రాత్రి 9.48

యాప్‌ది, పిట్టగోడది, రెండూ నిజమే. కొలిచే సరుకు వేరు.

ముందు ఆ 84 సంగతి. మన దేశపు ఏక్యూఐ 2014లో వచ్చింది. దుమ్ముకి 24 గంటల సగటు తీసి, ఏ కాలుష్యకానికి సూచీ ఎక్కువుంటే దాన్నే ఊరి అంకెగా చూపిస్తారు. పీఎం 10 (10 మైక్రాన్ల లోపు దుమ్ము) సగటు ఘనపు మీటరు గాలికి 100 మైక్రోగ్రాములు ఉంటే సూచీ కూడా 100. అంటే చట్టం పెట్టిన రోజువారీ హద్దు అంచున నిలబడ్డా అది ‘సంతృప్తికరమే’. పీఎం 2.5కి 60 దగ్గర అదే కథ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5కి పెట్టిన రోజువారీ మార్గదర్శకం 15. పచ్చరంగు చూసి మురిసిపోయే ముందు ఈ నాలుగు రెట్ల తేడా గుర్తుండాలి.

సగటు చేసే మాయ ఇంకోటి. 22 గంటలు పీఎం 10 యాభై దగ్గర ఉండి, రెండు గంటలు 400 కొట్టిందనుకోండి. (22×50 + 2×400) ÷ 24 = 79. సంతృప్తికరం! ఆ రెండు గంటలూ కిటికీ తెరుచుకుని కూర్చున్నవాడి ముక్కుకి సగటుతో పనేముంది.

మూడోది, కేంద్రం ఎక్కడుంది అన్నది. కేంద్ర కాలుష్య మండలి ‘సమీర్’ యాప్‌లో విశాఖ నొక్కితే వచ్చేది జీవీఎంసీ పేరుతో ఉన్న, నిరంతరం కొలిచే కేంద్రం అంకె. జ్ఞానాపురం, మింది లాంటిచోట్ల ఉన్నవి మాన్యువల్ కేంద్రాలు. అక్కడ వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజులు నమూనా తీస్తారు. అవి ఆ క్షణాన ఫోన్‌లోకి రావు. ప్రైవేటు యాప్‌లైతే ఉపగ్రహం, గణిత నమూనా కలిపి మీ వీధి పేరు మీద ఒక అంకె అల్లి ఇస్తాయి. మీ వీధిలో యంత్రం ఉన్నట్టు భ్రమ.

ఇక అసలు విషయం. పిట్టగోడ మీద కంటికి కనబడేలా పడే పొడి చాలామటుకు 10 మైక్రాన్ల కంటే లావు. పీఎం 10 లెక్కలోకే రాదు. 1994 నాటి జాతీయ ప్రమాణాల్లో ఎస్‌పీఎం అని మొత్తం తేలియాడే దుమ్ముకి హద్దు ఉండేది. 2009 నవంబరు నోటిఫికేషన్‌లో 12 కాలుష్యకాలకు హద్దులు పెట్టి, ఎస్‌పీఎంని తీసేశారు. ఊపిరితిత్తుల్లోకి దిగేది సన్నదుమ్మే కాబట్టి శాస్త్రం ప్రకారం సబబే. కానీ బొగ్గు యార్డు పక్కన బతికేవాళ్ల ప్రధానమైన గోడు పట్టించుకునే అంకె ఒకటి ఆ రోజుతో కాగితం మీంచి పోయింది.

సోల్డర్‌సూరి · రాత్రి 10.20

మాస్టారు చెప్పినదానికి సెన్సర్ వైపు నుంచి. మీ దగ్గరున్నది పీఎంఎస్ 5003 రకమైతే దానికి బొగ్గుపొడి కనబడదు. లోపల చిన్న ఫ్యాను గాలి లాగుతుంది, లేజరు కాంతి రేణువుల మీద పడి చెదురుతుంది, ఆ మెరుపుల్ని లెక్కపెడుతుంది. ఫ్యాను బలహీనం, గాలి దారి వంకర. లావు రేణువు ఆ మలుపులు తిరగలేక దారిలోనే రాలిపోతుంది. దాని పీఎం 10 అంకె కూడా చాలావరకు సన్నరేణువుల లెక్క నుంచి ఊహించి వేసిందే. అనుమానముంటే దుమ్ముగుడ్డ దాని ముందు దులిపి చూడండి, పీఎం 10 పెద్దగా కదలదు. అదే అగరొత్తి వెలిగించండి, రెండు అంకెలూ ఎగిరిపడతాయి.

వైజాగ్‌లో రెండో తలనొప్పి ఉప్పుగాలి. సముద్రపు ఉప్పు రేణువు తేమ 75 శాతం దాటితే నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బిన రేణువు కాంతిని ఎక్కువ చెదరగొడుతుంది, సెన్సర్ దాన్ని కాలుష్యం అనుకుంటుంది. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు తెల్లవారుజామున సెన్సర్ 90 చూపిస్తే సగం భాగవతం ఇదే. అధికారిక కేంద్రాల్లో గాలిని వేడిచేసి తేమ తగ్గించాకే కొలుస్తారు, అందుకే ఆ తేడా. కాబట్టి తేమ కూడా పక్కనే రాసుకోండి (బీఎంఈ 280 అనే తేమ సెన్సర్ ముక్క చాలు). 80 శాతం పైన వచ్చిన అంకెల్ని వేరే రంగుతో గుర్తు పెట్టుకోండి. అమెరికా పర్యావరణ సంస్థ వాళ్ల సవరణ సూత్రం ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, వాళ్ల గాలికి కట్టింది. మన తీరానికి యథాతథంగా అతికించకండి.

బిగించే పద్ధతి: నేల నుంచి కనీసం 3 మీటర్లు, వంటింటి ఎగ్జాస్టుకీ పూజగది కిటికీకీ దూరం, గాలి లాగే రంధ్రం కిందికి. రెండంగుళాల పీవీసీ ఎల్బో ముక్కలో దూర్చి, నోటికి దోమతెర జాలీ కడితే వానకీ సాలీడుకీ సరిపోతుంది. సాలీడు అని నవ్వకండి, లోపల గూడు కడితే సెన్సర్ రోజంతా ఒకే అంకె చూపిస్తుంది. పీఎంఎస్‌కి కరెంటు 5 వోల్టులు, డేటా తీగ మాత్రం 3.3 వోల్టులు. ఈఎస్‌పీ 32 (చిట్టి కంప్యూటర్) బోర్డు అయితే నేరుగా కలపొచ్చు, 5 వోల్టుల ఆర్డుయినో అయితే మధ్యలో లెవెల్ కన్వర్టర్ కావాలి. ఎస్‌డీఎస్ 011 రకం వాడితే లేజరు ఆయుష్షు సుమారు 8,000 గంటలు, ఆపకుండా తిప్పితే ఏడాది తిరక్కుండానే అయిపోతుంది. అయిదు నిమిషాలకోసారి లేపి, మొదటి 30 సెకన్ల అంకెలు పారేసి, తర్వాతి 30 సెకన్ల సగటు తీసుకోండి.

ఒక్క సెన్సర్‌ని ఎప్పుడూ నమ్మకండి. రెండు కొని వారం రోజులు పక్కపక్కన పెట్టండి. రెండూ కలిసి లేచి కలిసి పడుతున్నాయా చూడండి. ఒకటి అస్తమానం పది శాతం ఎక్కువ చూపిస్తే ఫరవాలేదు, లెక్క సరిచేసుకోవచ్చు. ఒక్కోసారి ఒక్కోలా తేడా వస్తే దాన్ని వెనక్కి పంపేయండి.

మామిడితోట · రాత్రి 10.41

మా వీధిలో మామిడాకుల మీద కూడా నల్లగా పొరలా కట్టింది. అదీ బొగ్గేనా?

నుసిపరీక్ష · రాత్రి 11.05

మామిడాకు మీద పొరలా, గోకితే కాగితంలా ఊడి వస్తే అది మసి తెగులు. తేనెమంచు పురుగు విసర్జించే తీపి జిగురు మీద పెరిగే బూజు. దాన్ని ఫొటో తీసి కాలుష్య మండలికి పంపితే మొదటి రోజే కేసు నవ్వులపాలు. ఆకులొద్దు, గాజు గానీ టేపు గానీ వాడండి.

కాన్వెంట్‌కూడలి గారూ, పద్ధతి ఇది. గాజు పలక మీద పారదర్శకమైన టేపుని జిగురు పైకి ఉండేలా రెండు చివర్లా బిగించండి. 24 గంటలు డాబా మీద ఉంచి, పైన ఇంకో టేపు అంటించి మూసేయండి. తేదీ, పెట్టిన గంట, తీసిన గంట, పిట్టగోడ ఏ దిక్కుది అన్నవి దాని మీదే రాయండి. నగల పనివాళ్లు వాడే భూతద్దం 30 రెట్లది చాలు, ఫోన్‌కి తగిలించే 60 రెట్ల లెన్సు ఉంటే ఇంకా మంచిది.

ఏం చూడాలంటే: బొగ్గురేణువు పదునైన అంచులతో పగిలిన గాజులా ఉంటుంది, దీపం వెలుగులో ఒక ముఖం తళుక్కుమంటుంది. సూదితో నొక్కితే పొడి అవుతుంది. కోక్ (ఉక్కు కొలిమికి వాడే కాల్చిన బొగ్గు) అయితే అదే నలుపు గానీ తేనెతుట్టెలా రంధ్రాలు కనబడతాయి. టైరు అరుగుడు సన్నగా కొనదేరి చుట్టలా ఉంటుంది, సూదితో నొక్కితే అణిగి మళ్లీ లేస్తుంది, రబ్బరు కదా. డీజిల్ మసి విడిగా రేణువుగా కనబడదు, వేలితో రాస్తే కాటుకలా సాగుతుంది. థర్మల్ కేంద్రపు బూడిద నున్నటి గుండ్రటి పూసల్లా, బూడిదరంగులో.

నీళ్ల పరీక్ష: గిన్నెలో నీళ్లు పోసి పొడి చల్లండి. బొగ్గు నీటిని అంటదు, పైన తేలుతుంది. గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక్క చుక్క వేయగానే గబుక్కున మునుగుతుంది. మట్టి మొదటే మునుగుతుంది. బూడిదలో బోలు పూసలుంటే సబ్బు వేసినా తేలుతూనే ఉంటాయి. ఉప్పు కరిగిపోతుంది.

ఇనుప ఖనిజమైతే బాత్రూం టైలు వెనక్కి తిప్పి, గరుకు వైపు పొడి రుద్దండి. హెమటైట్ అనే ఖనిజం ఎంత నల్లగా కనబడ్డా ఎర్రటి గీత గీస్తుంది. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి పొడి మీద తిప్పండి, కవరు తీస్తే అంటుకున్నదంతా విడిగా రాలుతుంది. హెమటైట్ అంతంతమాత్రంగా అంటుతుంది. గట్టిగా లాక్కుంటే మాగ్నటైట్ అనే ఇంకో ఇనుప ఖనిజమో, ఇనుము కాల్చినప్పుడూ కోసినప్పుడూ వచ్చే పొడో అయ్యుండాలి. దగ్గర్లో వెల్డింగు షాపు ఉందేమో చూసుకుని మాట్లాడండి. నిమ్మరసం చుక్కకి బుస్సున పొంగితే సున్నపురాయి లేదా సిమెంటు. జిప్సం పొంగదు.

కొలతలమాస్టారు · రాత్రి 11.22

దీనికి బరువు కూడా తోడైతే బలం. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న బక్కెట్టు మూతి వైశాల్యం 0.0314 చదరపు మీటరు. 30 రోజులు డాబా మీద పెట్టి, అడుగున పడినదాన్ని నీళ్లతో కడిగి వడకట్టు కాగితంలో పట్టి ఆరబెట్టి తూచండి. 0.2 గ్రాము వచ్చిందనుకోండి: 0.2 ÷ 0.0314 = నెలకి చదరపు మీటరుకి 6.4 గ్రాములు, రోజుకి సుమారు 212 మిల్లీగ్రాములు.

తప్పు జరిగేది కాగితం దగ్గర. మన ఊరి తేమకి వడకట్టు కాగితమే బరువెక్కుతుంది. ఖాళీ కాగితం ఇంకోటి తీసుకుని రెండింటినీ నీలం రంగు సిలికా జెల్ ఉన్న మూతడబ్బాలో ఒకరోజు ఉంచి, వెంటవెంటనే తూచండి. ఖాళీదాని బరువులో వచ్చిన మార్పుని రెండోదాన్నుంచి తీసేయండి. వంటింటి కాటా పనికిరాదు, బంగారు కొట్టు తూనికలో అయినా 0.01 గ్రాము స్పష్టత కావాలి, ల్యాబుదైతే 0.0001. పావురాలు వాలితే ఆ నెల లెక్క గంగలో కలిసినట్టే. మూతి మీద వెడల్పు కన్నాల తీగ జాలీ వేయండి.

గాలివాటం · సోమవారం పొద్దున్న 6.35

ఏం పడిందో తెలిశాక ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్న. విమానాశ్రయపు మెటార్ (వాతావరణ) నివేదిక (సంకేతం వీఓవీజెడ్) ఎవరైనా చూడొచ్చు. అందులో గాలి ‘22008’ తరహాలో ఉంటుంది: 220 డిగ్రీల (నైరుతి) దిక్కు నుంచి, 8 నాట్ల వేగం. నాటు అంటే గంటకి 1.85 కిలోమీటర్లు. దిక్కు గాలి వచ్చే వైపుది, పోయే వైపుది కాదు. ఈ ఒక్క పొరపాటుతో పోర్టు దుమ్ముని సింహాచలం కొండకి అంటగట్టినవాళ్లున్నారు. సమయం గ్రీన్విచ్‌ది, 5.30 గంటలు కలపాలి.

మ్యాపు మీద మీ డాబా దగ్గర చుక్క పెట్టి ఆ దిక్కుకి గీత గీయండి, అటూ ఇటూ 30 డిగ్రీల చీలిక రంగు వేయండి. 3 నాట్ల లోపు గాలి ఉన్న గంటలు వదిలేయండి, ఆ గాలికి దిక్కే ఉండదు.

మీ చోటు నుంచి చిక్కేమిటంటే, నైరుతి గీత మీద లోపలి హార్బరు యార్డులూ వస్తాయి, ఇంకా సాగదీస్తే మల్కాపురం రిఫైనరీ వైపూ వస్తుంది. దిక్కు ఒక్కటే వాటిని విడదీయదు. అక్కడ నుసిపరీక్ష గారి టేపు కావాలి. లావుపాటి బొగ్గురేణువు రిఫైనరీ చిమ్నీ నుంచి రాదు. అక్కడి నుంచి వచ్చేది సల్ఫర్ డయాక్సైడు, వాసన, సన్నదుమ్ము.

రోజులో గాలి తిరిగే తీరు కూడా చూడండి. పగలు సముద్రపు గాలి లోపలికి తోస్తుంది, రాత్రి నేలగాలి వెనక్కి లాగుతుంది. చలికాలం రాత్రుళ్లు నేల దగ్గర చల్లటి పొర, పైన వెచ్చటి పొర మూతలా కూర్చుంటాయి. ఒకపక్క సింహాచలం కొండలు, ఇంకోపక్క యారాడ కొండ, మధ్యలో గిన్నెలాంటి ఊరు. రాత్రి వదిలింది పొద్దున్న తొమ్మిది దాకా గిన్నెలోనే నానుతుంది. అందుకే డిసెంబరు, జనవరి పొద్దుటి అంకెలు చూసి ‘ఫ్యాక్టరీలు రాత్రిపూట ఎక్కువ వదులుతున్నాయి’ అని వెంటనే తేల్చకండి. వదిలింది అంతే అయినా మూత వల్ల చిక్కబడుతుంది. రాత్రి ఎక్కువ వదిలారని చెప్పాలంటే మూత లేని నెలల్లో కూడా అదే గంటకి అదే పెరుగుదల కనబడాలి.

బెర్తుబోర్డు · పొద్దున్న 7.02

ఇంకో కొలమానం. పోర్టు వాళ్ల వెబ్‌సైట్‌లో ఏ రోజు ఏ బెర్తులో (ఓడ ఆగే చోట) ఏ ఓడ, ఏ సరుకు అన్న రోజువారీ పట్టిక పెడతారు. బొగ్గు ఓడ దిగుతున్న రోజులు, లేని రోజులు విడదీసి మీ టేపుల పక్కన రాయండి. గాలి దిక్కు, ఓడ, టేపు మూడూ ఒక వరసలో నిలబడే రోజులు పది పోగైతే చాలు, మాటల అవసరం ఉండదు.

దుమ్ము లేచే చోట్లు: గ్రాబ్ బకెట్ (క్రేను పంజా) పైనుంచి హాపర్లోకి (గరాటు తొట్టిలోకి) జారవిడిచినప్పుడు, ఒక కన్వేయరు నుంచి ఇంకో కన్వేయరుకి పడే జంక్షన్ దగ్గర, పొక్లెయినర్‌తో గుట్ట ఎక్కించేటప్పుడు, చివరికి లారీ టైర్లతో గేటు దాటి రోడ్డెక్కినప్పుడు. నీళ్లు చల్లడం పనిచేస్తుంది గానీ ఎండలో గుట్ట పైపొర తొందరగా ఆరిపోతుంది, మధ్యాహ్నపు సముద్రపు గాలికి ముందు చల్లకపోతే పొద్దున్న చల్లినదంతా వృథా. లారీకి పట్టా కట్టడమంటే పైన కప్పడం ఒక్కటే చాలదు, వెనక డాలా అంచు దిగి కిందికి కట్టాలి. సందుల్లోంచి కారేదే ఎక్కువ.

నాల్గోగేరు · పొద్దున్న 7.40

అందరూ పోర్టు మీదే పడ్డారు. కాన్వెంట్ జంక్షన్‌లో నిలబడి చూడండి, దుమ్ములో సగం పని బండ్లదే. గేటు దాటి వచ్చిన పొడి రోడ్డంచున సన్నటి సిల్టులా పేరుకుంటుంది, ప్రతి లారీ దాన్ని నలిపి ఇంకా సన్నం చేసి మళ్లీ లేపుతుంది. పొడి చీపురుతో ఊడిస్తే మూడోసారి లేస్తుంది. తడిపి లాగే వాక్యూమ్ స్వీపరు అంచు వెంబడి నెమ్మదిగా పోవాలి. అది నడిరోడ్డున గంటకి పాతిక కిలోమీటర్లతో పోతే ఫొటోకి తప్ప దేనికీ కాదు.

పొగ సంగతి వేరు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి బండి శుభ్రం అనుకోకండి. డీజిల్ బండికి ఆ పరీక్షలో చూసేది నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పొగ ఎంత చిక్కగా ఉందన్నదే. బీఎస్ 4 (బండి పొగ ప్రమాణం)కి ముందు బండ్లకి హద్దు 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనపు కొలత), బీఎస్ 4కి 50. పీఎం 2.5 కొలవరు, నైట్రోజన్ ఆక్సైడులూ కొలవరు. ఇంజెక్టరు నాజిల్ అరిగితే, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోతే, ఓవర్‌లోడుతో ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కితే వచ్చే నల్లపొగ పరీక్షగదిలో రాదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 వచ్చి డీజిల్లో గంధకం 50 పీపీఎం (పది లక్షల్లో వంతులు) నుంచి 10కి దిగింది, నిజమే. కానీ పోర్టు సరుకు తిప్పే లారీల్లో పాతవి ఇంకా బోలెడు.

తేడా తెలియాలంటే టేపు రెండుచోట్ల పెట్టండి: రోడ్డువైపు మొదటి అంతస్తు కిటికీలో ఒకటి, డాబా మీద ఒకటి. రోడ్డు దుమ్ము ఎత్తు పెరిగేకొద్దీ తగ్గుతుంది. రెండుచోట్లా సమానంగా ఉన్నా, పైనే ఎక్కువున్నా దూరం నుంచి వస్తున్నట్టు.

బెర్తుబోర్డు · పొద్దున్న 7.55

టేపు మాట ఒప్పుకుంటాను. ‘సగం బండ్లదే’ అన్నది మాత్రం లెక్క లేకుండా అనొద్దు. ఆ రోడ్డు మీది సిల్టు కూడా బొగ్గే కదా.

నాల్గోగేరు · పొద్దున్న 8.01

సరే, సగం వెనక్కి తీసుకుంటున్నాను. టేపే చెప్పాలి.

గోపాలపట్నం · మధ్యాహ్నం 1.15

దుమ్ము సరే, వాసన సంగతి? ఒక్కో రాత్రి ఏదో ఘాటు వస్తుంది, పొద్దున్నకి ఉండదు. 2020 తర్వాత ఏ వాసన వచ్చినా ఇటువైపు జనం రోడ్డు మీదకి వచ్చేస్తున్నారు.

వాయుపటం · మధ్యాహ్నం 2.30

రావడంలో తప్పేం లేదు, ఎటు వెళ్లాలో తెలిసుండాలి.

2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో జరిగింది ఏమిటంటే, స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీ రసాయనం) నిల్వ ట్యాంకులో తనకు తానే పాలిమర్‌గా మారుతూ వేడెక్కింది. ఆ వేడికి చర్య ఇంకా వేగం, ఇంకా వేడి. దీన్ని ఆపడానికి టీబీసీ అనే నిరోధకం కలుపుతారు, ట్యాంకుని చల్లగా ఉంచుతారు. రెండూ తగినంత లేకపోతే ఆవిరి వెంట్‌లోంచి బయటపడుతుంది. స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు, నేల వెంబడి పల్లానికి పాకుతుంది. 12 మంది చనిపోయారు. అలాంటప్పుడు గాలికి అడ్డంగా, ఎత్తు వైపుకి నడవాలి. గాలితోపాటు పరిగెడితే వాయువు మీ వెంటే వస్తుంది. తడిగుడ్డ అమ్మోనియాకి కొంత పనికొస్తుంది, అది నీళ్లలో కరుగుతుంది కాబట్టి. స్టైరీన్‌కి పెద్దగా కాదు. ఎన్95 మాస్కు ఏ వాయువునీ ఆపదు, దుమ్ముకే.

కుళ్లిన గుడ్డు వాసన (హైడ్రోజన్ సల్ఫైడు) విషయంలో ఒక ప్రమాదం ఉంది. గాఢత 100 పీపీఎం చేరితే ముక్కు మొద్దుబారి వాసన తెలియడం మానేస్తుంది. వాసన పోయింది కదా అని వెనక్కి రాకండి.

రుజువు కావాలంటే వాసన ఉన్నప్పుడే గాలి పట్టాలి. మూత బిగిసే ప్లాస్టిక్ బక్కెట్టులో టెడ్లార్ సంచి (వాయువు నమూనా పట్టే ప్లాస్టిక్ సంచి) పెట్టి, సంచి మూతిని మూతలోంచి స్టీలు గొట్టంతో బయటికి తీసి, చిన్న పంపుతో బక్కెట్టులోని గాలి లాగేస్తే సంచి తనంతట తాను ఉబ్బి బయటి గాలి పీలుస్తుంది. పంపు గుండా నమూనా పోదు, అదే ఇందులో కిటుకు. తమిళనాడులో కడలూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడ పరిసరాల జనం ఇరవై ఏళ్ల కిందటే ఇలా పట్టారు. సంచి ఎండ తగలకుండా పెట్టి, గంధకపు వాయువులైతే 24 గంటల్లో, మిగతావి మూడు రోజుల్లో ల్యాబుకి చేరాలి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్నదాన్ని ముందే మాట్లాడి పెట్టుకోండి. సంచి నిండాక ల్యాబు వెతికితే దొరకదు.

ల్యాబు వాళ్లు పీపీబీలో (వంద కోట్లలో వంతుల్లో) ఇస్తే మార్చుకోవడానికి, 25 డిగ్రీల దగ్గర: సల్ఫర్ డయాక్సైడు 1 పీపీబీ = ఘనపు మీటరుకి 2.62 మైక్రోగ్రాములు, నైట్రోజన్ డయాక్సైడు 1.88, బెంజీన్ 3.19, స్టైరీన్ 4.26. బెంజీన్‌కి మన హద్దు 5 మైక్రోగ్రాములు, కానీ అది ఏడాది సగటు. ఒక్క సంచిలో 20 వస్తే ‘హద్దు నాలుగు రెట్లు దాటింది’ అని రాస్తే అవతలి వకీలు ఒక్క వాక్యంతో కొట్టేస్తాడు. ‘ఫలానా పది నిమిషాల నమూనాలో ఇంత’ అని రాయండి.

మనిషికి సోకిందా అన్నదానికి స్టైరీన్ అయితే మూత్రంలో మాండెలిక్ ఆమ్లం చూస్తారు. శరీరం దాన్ని గంటల్లో వదిలించుకుంటుంది, కాబట్టి అదే రోజు నమూనా ఇవ్వాలి. వారం తర్వాత చేయించిన పరీక్ష ఖర్చే.

అర్జీదారు · సాయంత్రం 5.50

కాగితాల సంగతి నేను చెబుతాను. ‘మా ఏరియాలో కాలుష్యం ఎక్కువగా ఉంది, చర్యలు తీసుకోగలరు’ అన్న అర్జీకి వచ్చే జవాబు ‘పరిశీలించాం, ప్రమాణాల లోపే ఉంది’. అర్జీలో వాళ్లు తప్పించుకోలేని ప్రశ్న ఉండాలి.

దానికి ముందు సమాచార హక్కు దరఖాస్తు. ఫీజు 10 రూపాయలు, జవాబుకి 30 రోజులు. కాలుష్య నియంత్రణ మండలికి వేరుగా, పోర్టుకి వేరుగా (అది కేంద్రానిది, ఆన్‌లైన్ పోర్టల్‌లో వేయొచ్చు). అడగాల్సినవి: 1981 వాయు చట్టం సెక్షన్ 21 కింద ఇచ్చిన నిర్వహణ అనుమతి పత్రం షరతులతో సహా, గత తనిఖీ నివేదికలు, మీరు టేపు పెట్టిన తేదీల్లో నిరంతర ఉద్గార పర్యవేక్షణ యంత్రం గంటగంట రికార్డు. రిఫైనరీ, ఉక్కు, ఎరువులు, ఔషధాలు, థర్మల్ విద్యుత్తు వంటి 17 రకాల పరిశ్రమలకి ఆ యంత్రాలు ఉండాల్సిందే. ‘ఎందుకు చర్య తీసుకోలేదు’ అని అడిగితే అది సమాచారం కిందికి రాదని తిప్పికొడతారు. ‘ఫలానా కాగితం నకలు’ అనే అడగండి.

షరతుల ప్రతి చేతికొచ్చాక అర్జీ ఇలా:

‘అనుమతి పత్రం షరతు నంబరు ఫలానా ప్రకారం కన్వేయరు జంక్షన్లకు కప్పు, లారీలకు టైర్లు కడిగే తొట్టె ఉండాలి. ఫలానా తేదీ, ఫలానా గంటకు గేటు దగ్గర టైర్లు కడగకుండా లారీలు వెళ్తున్న వీడియో జతపరిచాం. అదే రోజు గాలి 210 డిగ్రీల నుంచి 9 నాట్లు. మా డాబా మీది టేపులో బొగ్గురేణువులు. వాయు చట్టం సెక్షన్ 31ఏ కింద ఆదేశాలు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.’

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి, నకలు మండలి ప్రాంతీయ కార్యాలయానికి. కదలకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్, మనకి చెన్నై బెంచి. ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద వివాదం మొదలైన ఆరు నెలల్లో వేయాలి, నష్టపరిహారానికి సెక్షన్ 15 కింద అయిదేళ్లు. చాలామంది అర్జీల చుట్టూ తిరుగుతూ ఆ ఆరు నెలలు పోగొట్టుకుంటారు.

గోపాలపట్నం గారికి: 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో రూల్ 15 ఉంది. పెద్ద ప్రమాదం జరగగల పరిశ్రమ తన చుట్టుపక్కలవాళ్లకి ప్రమాదం స్వభావం, అప్పుడేం చేయాలో ముందే తెలపాలి. మీ వీధికి ఆ కరపత్రం ఎప్పుడు ఇచ్చారో, బయటి అత్యవసర ప్రణాళికలో మీ వీధి ఉందో లేదో సమాచార హక్కు కింద అడగొచ్చు. 2009లో కేంద్ర కాలుష్య మండలి వేసిన సెపీ (పారిశ్రామిక ప్రాంతాల కాలుష్య సూచీ) స్కోరులో విశాఖ 70 దాటి ‘తీవ్ర కాలుష్య ప్రాంతం’ జాబితాలోకి ఎక్కింది, 2010లో కొత్త పరిశ్రమల మీద తాత్కాలిక నిషేధం వచ్చింది. అప్పటి కార్యాచరణ ప్రణాళికలో ఏవి పూర్తయ్యాయో అడగడం కూడా పనికొచ్చే ప్రశ్నే.

చిన్నపిల్లలగది · రాత్రి 8.25

ఇవన్నీ తేలేలోపు ఇంట్లో ఏం చేయాలి? ఏసీ వేసుకుంటే సరిపోతుందా?

కొలతలమాస్టారు · రాత్రి 8.50

స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది, దాని జాలీ దోమల్నీ నూగునీ ఆపుతుంది, అంతే. 10×12 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు అంటే 34 ఘనపు మీటర్లు. గంటకి అయిదుసార్లు గాలి మారాలంటే ప్యూరిఫయర్ సీఏడీఆర్ (గంటకి శుభ్రం చేసే గాలి) 170 ఘనపు మీటర్లు ఉండాలి. డబ్బా మీద చదరపు అడుగులు కాదు, ఆ అంకె చూసి కొనండి. అయనైజర్ మీట ఉంటే ఆపేయండి, ఓజోన్ వస్తుంది. బొగ్గుపొడి ఉన్నచోట ప్యూరిఫయర్ ముందువైపు జాలీ వారానికోసారి కడక్కపోతే హెపా (సన్నదుమ్ము పట్టే) ఫిల్టరు చెప్పిన గడువుకి ముందే మూసుకుపోతుంది. తడిగుడ్డతో తుడవండి, చీపురు వద్దు. దోమల కాయిల్ వెలిగించి ప్యూరిఫయర్ తిప్పడం లాంటి పని ఇంకోటి లేదు.

కాన్వెంట్‌కూడలి · రాత్రి 9.30

చాలా సంతోషం అందరికీ. రెండు టేపులు, ఒక బక్కెట్టు, మెటార్, ఓడల పట్టిక, ఇంతవరకు అర్థమైంది. వాన పడితే టేపు ఉంచాలా తీయాలా?

నుసిపరీక్ష · రాత్రి 9.41

తీసేసి కొత్తది పెట్టండి, తడిసినదాన్ని లెక్కలోకి తేవద్దు. బక్కెట్టు మాత్రం కదపకండి, వాన నీళ్లతో సహా అదే కావాలి. అడుగున నాచు పట్టకుండా రెండు స్పూన్ల స్పిరిట్ వేయండి. వానాకాలం నెలల లెక్క వేరే పేజీలో రాయండి.

గాలివాటం · రాత్రి 9.44

మెటార్‌కి 5.30 కలపడం మర్చిపోకండి. ‘0330’ అని ఉంటే మనకది పొద్దున్న 9 గంటలు.